గొట్టాల కింద ఏం రాసుందో చూశారా?

పోయిన నెల ఈ శీర్షికలో ఫ్రెంచ్ జోడు గొట్టాల తుపాకుల గురించి నాలుగు మాటలు రాశాను. పాండిచ్చేరి 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి అటు నుంచి వచ్చిన తుపాకులు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత ఇళ్లలో ఇంకా కొన్ని ఉన్నాయని, నా చేతులమీదుగానే కొన్ని రిపేరుకు వచ్చి వెళ్లాయని చెప్పాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో కథ ఉంది. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

ప్ర: మా మామగారి తుపాకి అందరి తుపాకుల్లా మధ్యలో మడవదు. పైన కుందేలు చెవుల్లాంటి మీట ఒకటుంది. బాగుచేయించుదామని ఒకతనికి ఇస్తే, జామ్ అయింది, కొట్టి తెరవాలి అంటున్నాడు. గొట్టం మీద దార్న్ అని ఉంది. కొట్టనివ్వమంటారా?
– కావలి నుంచి ఒక పాఠకుడు

జ: వద్దు బాబూ, ముందు వెళ్లి ఆ తుపాకి వెనక్కి తెచ్చేసుకో. మిగతాది తర్వాత చదువు.

అది జామ్ కాలేదు, దాని పుట్టుకే అంత. ఫ్రాన్స్‌లో సెంటెత్యెన్ అనే ఊరుంది, తుపాకులకు, రిబ్బన్లకు, సైకిళ్లకు, బొగ్గు గనులకు పేరుపడిన ఊరు. అక్కడ 1764లోనే రాజుగారి ఆయుధాల కర్మాగారం పెట్టారు. ఆ ఊళ్లో రెజిస్ దార్న్ అనే ఆయన 1881లో సొంత పని మొదలుపెట్టి, తర్వాత కాలంలో ఈ జారే బ్రీచ్ తుపాకి చేశాడు. బ్రీచ్ అంటే గొట్టాల వెనక భాగాన్ని మూసే దిమ్మ. మామూలు జోడు గొట్టాల తుపాకిలో గొట్టాలు కిందికి వంగుతాయి, వెనక భాగం కదలదు. దార్న్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. గొట్టాలు కదలవు, వెనకున్న ఉక్కు దిమ్మ మొత్తం వెనక్కి జారుతుంది.

తెరిచే పద్ధతి చెబుతాను. ముందు తుపాకి మూతి ఎవరూ లేని వైపు, నేలకేసి పెట్టు. వేలు ట్రిగ్గర్ల దగ్గరికి పోకూడదు. నువ్వు చెప్పిన ఆ చెవులను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని పైకెత్తి, ఎత్తిన చేత్తోనే వెనక్కి లాగు. దిమ్మ సర్రున జారి వస్తుంది, చాంబర్లలో, అంటే తోటా కూర్చునే గదుల్లో, తోటాలుంటే వాటిని కూడా తనతోపాటు బయటికి లాక్కొస్తుంది. గొట్టాల్లోంచి వెలుతురు కనబడిందంటే ఖాళీ అని అర్థం. చాలా ఏళ్లుగా వాడకపోతే పాత నూనె జిగురులా గట్టిపడి మొదటిసారి బిగుతుగా ఉంటుంది, అప్పుడు కూడా సుత్తి మాట రాకూడదు. పల్చటి నూనె నాలుగు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్యి. పొద్దునకి అదే వస్తుంది.

దీంట్లో నాకు నచ్చింది ఒకటి చెప్పాలి. కాల్చినప్పుడు దెబ్బ నేరుగా వెనక్కి దిమ్మ మీద పడుతుంది, దిమ్మ గట్టిగా బిగిసి ఉంటుంది. వంగే తుపాకిలో కీలు దగ్గర ఏళ్ల తరబడి అరుగుదల వచ్చి గొట్టాలు వదులౌతాయి, ఇందులో ఆ కీలే లేదు. పైగా తేలిక. లావు గొట్టాల 12 నంబర్ తుపాకి కూడా రెండున్నర మూడు కిలోల మధ్యలోనే ఉంటుంది, రోజంతా భుజాన వేసుకుని తిరిగే మనిషికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. దిమ్మ ముఖం మీద రెండు గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి చూడు, తోటా వెనక అంచును పూర్తిగా కప్పి కూర్చునేవి. వాటిమీద లోతు గుంటలు, ఆకురాయి గీతలు ఉన్నాయేమో చూసుకో. లేకపోతే నీ తుపాకి ఆరోగ్యంగానే ఉన్నట్టు.

ఎందుకింత గట్టిగా వద్దంటున్నానంటే, నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేనమామ దార్న్‌కి ఇదే జరిగింది. మా మేనమామది ఉదయగిరి దగ్గర పల్లె. తుపాకి తెరుచుకోవట్లేదని ఒక ఊళ్లో ఒక షాపులో ఇచ్చాడు, ఏ ఊరో ఏ షాపో ఇప్పుడెందుకు. వాళ్లు మామూలు డబుల్ బ్యారెల్ అనుకుని మోకాలి మీద పెట్టి వంచారు. వంగలేదు, చెక్క సుత్తి తీశారు. గొట్టాలకు ఏం కాలేదు, కానీ మెడ దగ్గర కర్ర నిలువునా చీలింది. అక్రోటు కర్ర అది, నున్నగా, తేనె రంగులో, చారలు చారలుగా ఉండేది. ఇత్తడి తీగ చుట్టి తెచ్చిచ్చారు. మా మామ ఆ తీగ మీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేను తుపాకుల పనిలోనే ఉండిపోవడానికి ఆ సాయంత్రం కూడా ఒక కారణం.

ఒక మాట, రిపేరు చేసేవాళ్లకు కూడా ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. నువ్విచ్చినతనికి ఉందో లేదో కనుక్కో.

ప్ర: మా నాన్నగారి పేరున ఉన్న లైసెన్సు తుపాకి నా పేరుకి మారింది. 16 నంబర్. గొట్టాల కింద 16-65 అని కొట్టి ఉంది. స్నేహితుడొకరు 70 మిల్లీమీటర్ల తోటాలున్నాయన్నారు. పెట్టి చూస్తే చక్కగా లోపలికి పోయాయి, మూత కూడా పడింది. పోయింది కాబట్టి కాల్చొచ్చా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జ: కాల్చకూడదండీ. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది మీదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

16 అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పదహారు కలిస్తే ఒక పౌను బరువు. అందుకే నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఫ్రాన్స్ పల్లెల్లో 16 చాలా ఇష్టమైన కొలత. ఇక 65 అంటే చాంబర్ పొడవు, మిల్లీమీటర్లలో.

మీ అనుమానమంతా ఇక్కడే ఉంది. 65 గదిలోకి 70 తోటా ఎలా పోయింది? తోటా మీద రాసే 70, కాల్చిన తర్వాత పొడవు. కాల్చక ముందు దాని మూతి మడతలు పెట్టి మూసి ఉంటుంది కదా, అందుకని అప్పుడు కొలిస్తే 58 మిల్లీమీటర్లో 60 మిల్లీమీటర్లో ఉంటుంది. హాయిగా లోపల కూర్చుంటుంది. కాల్చగానే మడతలు విచ్చుకుంటాయి, విచ్చుకోవడానికి గదిలో చోటు లేదు, ముందుకెళ్లి గొట్టం సన్నబడే దగ్గర ఆ అంచు ఇరుక్కుంటుంది. గుళ్లు, వాటి వెనకున్న అట్ట, అంతా ఆ ఇరుకు సందులోంచి పోవాలి. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఒకటి రెండు సార్లు ఏమీ కాకపోవచ్చు, భుజానికి దెబ్బ కొంచెం గట్టిగా తగిలిందే అనిపిస్తుంది అంతే. ఆ రెండుసార్లూ చూసి ధైర్యం వచ్చేస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. ఆ గొట్టానికి మీ ఎడమచెయ్యి ఎంత దగ్గరలో ఉంటుందో ఒకసారి తుపాకి పట్టుకుని చూసుకోండి.

ఇంకోటి, చాంబర్‌ను కోసి 70కి పెంచుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పాత తేలిక తుపాకుల్లో ఆ చోట గోడ మందం లెక్కగట్టి పెట్టింది, అక్కడ తోడితే మిగిలేది తక్కువ.

గొట్టాలు విప్పి కింది వైపు భూతద్దంతో చూడండి. ఫ్రెంచివాళ్లు చాలానే రాసి పెడతారు. కిరీటం గుర్తుతో సెంటెత్యెన్ పరీక్ష ముద్ర ఉంటుంది, గొట్టం లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో ఉంటుంది, పీ.టీ. అనే రెండక్షరాలు ఉంటే టీ అనే పొగరాని తుపాకి మందుతో పరీక్ష చేసినట్టు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి. తోటాల పెట్టె మీద 65 అని అచ్చులో కనబడితేనే కొనండి. దొరక్కపోతే ఆ తుపాకి మాట్లాడకుండా గోడకి ఉండనివ్వండి, నష్టమేం లేదు.

ప్ర: వేరుశనగ వేశాం, మొక్కజొన్న వేశాం, రెండూ అడవి పందుల పాలయ్యాయి. ఒక్క రాత్రికి అర ఎకరం తవ్విపోసినాయి. మా తాత తుపాకి ఉంది, పంట రక్షణకని రాసిన లైసెన్సూ ఉంది. కాల్చుకోవచ్చు కదా?
– కనిగిరి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు

జ: అన్నా, నువ్వు రాసింది చదువుతుంటే ఆ తవ్విన సాళ్లు కళ్లముందు కనబడినాయి. వెలిగొండ అంచున సేద్యం చేసే ప్రతి ఇంట్లో ఇదే మాట. అయినా నేను కాల్చమని చెప్పలేను, ఎందుకో చెబుతాను.

లైసెన్సులో పంట రక్షణ అని రాసుందంటే అది ఆయుధాల చట్టం కింద తుపాకి దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి. అడవి జంతువును చంపడానికి ఇచ్చిన అనుమతి కాదు. ఆ రెండో అనుమతి వేరే చట్టంలోది, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం. 2022లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు అడవి పంది రెండో షెడ్యూల్‌లోకి, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలోకి వచ్చింది. మనిషి ప్రాణానికో, పొలంలో నిలిచున్న పంటకో ముప్పుగా మారిందని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వొచ్చు, 11వ సెక్షన్ అదే. ఆర్డర్ లేకుండా కాలిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తుపాకి పోతుంది, లైసెన్సు పోతుంది. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ జంతువు పొరపాటున తగిలిందంటే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. రాత్రిపూట టార్చి వెలుతుర్లో రెండు కళ్లు మెరిస్తే అది పందో, జింకో, పక్క పొలంలో కాపలా పడుకున్న మనిషో చెప్పగలవా అన్నా?

పందులు వచ్చిన ప్రతిసారీ ఫోటో తీసి, సర్వే నంబర్ వేసి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాసిచ్చి రసీదు తీసుకో. నోటిమాటకు విలువ లేదు. ఊరంతా కలిసి ఇస్తే ఇంకా మంచిది. పొలం చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టొద్దు, చేతులెత్తి అడుగుతున్నా. పందికి పెట్టిన తీగకి పందికంటే ముందు మనిషి పడిన కబురు ఎన్నిసార్లు విన్నామో నీకూ తెలుసు.

ప్ర: మా నాన్నగారు ఈ ఏడాది మొదట్లో కాలం చేశారు. ఆయన ఫ్రెంచ్ తుపాకి బీరువాలోనే ఉంది. అన్నయ్య హైదరాబాదులో ఉంటాడు, నాకే ఉంచుకోవాలని ఉంది. ఆడవాళ్ల పేరున ఇస్తారా? ఇంట్లో పెట్టుకోవడం తప్పా?
– పొదిలి నుంచి ఒక పాఠకురాలు

జ: అమ్మా, ఇస్తారు. చట్టంలో ఆడా మగా తేడా లేదు, వారసులైతే చాలు. కానీ ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. లైసెన్సు మీ నాన్నగారితోనే ఆగిపోయింది, కాబట్టి ఆ తుపాకి ఇప్పుడు లైసెన్సు లేని తుపాకి కింద లెక్క. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. ఇన్నాళ్లూ ఉంచుకున్నామని టెన్షన్ పడకండి, బాధలో ఉన్న ఇల్లు, మీరే తీసుకెళ్లి అప్పగించి విషయం చెప్పండి. వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగడం మాత్రం మంచిది కాదు. తర్వాత కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మీ అన్నయ్య అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం పెట్టి కలెక్టర్ ఆఫీసులో వారసత్వం కింద కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయండి. పోలీసు విచారణ ఉంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు.

డిపాజిట్ చేసే ముందు ఒక గంట కేటాయించండి. గొట్టాల కింది ముద్రలు, సీరియల్ నంబరు, కర్ర మీద ఉన్న గీతలు కూడా ఫోన్లో ఫోటోలు తీయండి. రసీదులో నంబరు సరిగ్గా పడిందో అక్కడే నిలబడి చూసుకోండి. గొట్టాల లోపల, బయట పల్చగా తుపాకి నూనె రాయండి. కొబ్బరినూనె వద్దు, ఆరి జిగురవుతుంది. ఎన్నికలప్పుడు లైసెన్సుదారులు తుపాకులు అప్పగించాల్సి వస్తుంది కదా, అలా ఇచ్చినవి కొన్ని మన సముద్రపు గాలికి ఎర్రగా తుప్పు పట్టి తిరిగి నా దగ్గరికి వచ్చాయి. తోలు సంచిలో మాత్రం పెట్టి ఇవ్వకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. పాత నూలు బట్ట చాలు.

మీ నాన్నగారు ఆ తుపాకిని ఎలా తుడిచేవారో మీకు గుర్తుందని ఉత్తరం చివర్లో రాశారు. మీరూ అలాగే తుడవండి.

ప్ర: మా ముత్తాత తుపాకి గొట్టాల మీద అలలు అలలుగా డిజైన్ ఉంది. పెయింటా, చెక్కిందా? కాల్చొచ్చా?
– ఉదయగిరి నుంచి

జ: రెండూ కాదు. ఇనుము, ఉక్కు సన్నటి పట్టీలు కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తితో అతికించి చేసిన గొట్టం. దమాస్ అంటారు ఫ్రెంచివాళ్లు. ఒంగోలు గిత్త గంగడోలు మడతల్లా ఉంటుంది ఆ గీత, ఎంతసేపైనా చూడొచ్చు. కానీ ప్రతి గీతా ఒక అతుకే, లోపల ఎక్కడ తుప్పు దాక్కుందో కంటికి తెలియదు. ఇప్పటి పొగరాని మందు తోటాలు అందులో పెట్టొద్దు. మీ తుపాకి వెనక పైభాగంలో, గొట్టాల అంచుకి చిన్న గాడి, తోటా పక్కనుంచి మేకు పైకి వచ్చే ఏర్పాటు ఉంటే అది ఇంకా పాతది. పారిస్‌లో లెఫోషూ అనే ఆయన 1830లలో మొదలుపెట్టిన మేకు తోటా పద్ధతి. దాన్ని కాల్చే ఆలోచనే పెట్టుకోవద్దు. మీరు ఫోటో పంపలేదు, పంపితే చూసి చెబుతాను.

ప్ర: నాది కావలి, ఉద్యోగం ఫ్రాన్స్‌లో లియోన్‌లో. ఇక్కడ పరీక్ష రాసి వేట పర్మిట్ తీసుకున్నాను. పాత దార్న్ 16 నంబర్ ఒకటి కొన్నాను. నా సహోద్యోగితో, ఆయన కుక్కతో బెకాస్ అనే పొడుగు ముక్కు పిట్ట వేటకు వెళ్తున్నాను. రెండు సందేహాలు. స్టీల్ గుళ్లు వాడొచ్చా? సెలవులకు వచ్చేటప్పుడు నాన్నకు చూపించడానికి తుపాకి ఇంటికి తేవొచ్చా?

జ: అదృష్టవంతుడివయ్యా! సెంటెత్యెన్ నీకు గంట ప్రయాణం. ఆ ఊళ్లో కళలు, పరిశ్రమల మ్యూజియం ఉంది, తుపాకులు, సైకిళ్లు, రిబ్బన్లు మూడూ అక్కడ చూడొచ్చు. ఒక ఆదివారం వేట మానేసి అక్కడికి వెళ్లు, నా తరఫున కూడా చూసి రా.

స్టీల్ గుళ్ల సంగతి. చిత్తడి నేలల్లో, వాటికి వంద మీటర్ల లోపల సీసపు గుళ్లు వాడకూడదని ఐరోపా యూనియన్ పెట్టిన నియమం 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. నాకు అది సరైన నియమం అనిపిస్తుంది, బురదలో పడ్డ సీసపు గుళ్లను బాతులు గులకరాళ్లనుకుని మింగి చస్తాయి. అందుకని నీకు స్టీల్ గుర్తొచ్చింది. కానీ స్టీల్ గట్టిది, సీసంలా నలగదు. పాత సన్న గొట్టాల్లో, మూతి దగ్గర బిగించి ఉన్నచోట, అది గొట్టాన్నే ఉబ్బిస్తుంది. ఎక్కువ శక్తి స్టీల్ తోటాలకు పరీక్ష పాసైన తుపాకుల మీద లిల్లీ పువ్వు ముద్ర ఉంటుంది, నీ పాత దార్న్ మీద అది ఉండదు. బిస్మత్ అనే లోహపు గుళ్లు మెత్తగా ఉంటాయి, వాటిని 65 పొడవులో, తక్కువ ఒత్తిడివి చూసి తీసుకో. ముందు అక్కడి తుపాకుల మేస్త్రీకి గొట్టాలు కొలిపించు.

బెకాస్ ఒక్కో వేటగాడికి ఏడాదికి 30 మాత్రమే అని అక్కడ లెక్క ఉంది, కొట్టిన ప్రతి పక్షినీ రాయాలి. ఆ రాయడం నిజాయితీగా చెయ్యి. మన దగ్గర కూడా 1972 ముందు లైసెన్సు మీద వేట ఉండేది. మా మేనమామ వెనక సంచి పట్టుకుని నేను నడిచిన మొదటి పొద్దు నాకు పన్నెండేళ్లు. చెరువు కట్ట దిగువన కోసిన వరి మడి, కాళ్ల కింద పదును, పైన పలచటి మంచు. కౌజు పిట్టలు కాళ్ల దగ్గర్నుంచే బుర్రుమని లేచాయి. మామ తుపాకి భుజానికెత్తాడు, ఎత్తినవాడు కాల్చకుండా దించాడు. ఎందుకు మామా అంటే, అటు పక్క గొర్రెల కాపరి ఉన్నాడురా, నువ్వు చూడలేదా అన్నాడు. నేను పిట్టల్నే చూశాను. ఆయన పిట్టల వెనకాల ఏముందో చూశాడు. నీ సహోద్యోగి నీకు ఏం నేర్పినా నేర్పకపోయినా ఇది మాత్రం నేర్చుకో.

వేట ఆగిపోయిందని నాకు బాధ లేదు, పిట్టలున్నాయి, అది చాలు. ఇక తుపాకి ఇంటికి తేవడం. సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కే పని కలలో కూడా చేయకు. విదేశం నుంచి తుపాకి తేవాలంటే ముందుగా ఇక్కడి ప్రభుత్వం నుంచి దిగుమతి లైసెన్సు చేతిలో ఉండాలి, కస్టమ్స్ అనుమతి ఉండాలి. నాన్నకు చూపించాలంటే వీడియో కాల్ చేసి ఆ చెవులు ఎత్తి దిమ్మ వెనక్కి లాగి చూపించు. ఆ జారే చప్పుడు ఫోన్లో కూడా బాగానే వినబడుతుంది.

ప్ర: నా దగ్గర ఇప్పటికే రెండు లైసెన్సు తుపాకులున్నాయి. తెలిసినాయన దగ్గర రోబ్యూస్త్ అనే ఫ్రెంచ్ డబుల్ బ్యారెల్ అమ్మకానికుంది. కొనొచ్చా?
– నెల్లూరు నుంచి

జ: మూడోది కుదరదు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే. అంతగా కావాలనుకుంటే ఉన్నవాటిలో ఒకటి వదులుకోవాలి, అమ్మేముందు కలెక్టరుకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. రోబ్యూస్త్ మంచి తుపాకే. మాన్యుఫ్రాన్స్ వాళ్లది, 1885లో సెంటెత్యెన్‌లో మిమార్, బ్లాషోన్ అనే ఇద్దరు మొదలుపెట్టిన కంపెనీ. తుపాకి నుంచి సైకిల్ దాకా కేటలాగులో పెట్టి పోస్టులో అమ్మేవాళ్లు. రోబ్యూస్త్ నగిషీ లేని రైతు తుపాకి, పేరుకి తగ్గట్టే గట్టిది. గొట్టాలు విప్పి దారంతో వేలాడదీసి వేలి గోటితో మీటమనండి, గుడి గంటలా సాగి మోగితే మధ్య పట్టీ అతుకులు బాగున్నట్టు, డబ్బాలా మోగితే ఎక్కడో వదిలినట్టు. ఆ చప్పుడు విన్నాక మీ రెండింటిలో ఏది వదలాలో మీరే ఆలోచించుకోండి.

ప్ర: మా నాయన తుపాకి వెనక కర్ర కింద చిన్న తోలు ముక్క బయటికి కనబడుతోంది. లాగితే కొంచెం వచ్చి మళ్లీ లోపలికి పోతోంది. చిన్నప్పట్నుంచీ అదేందో ఎవరూ చెప్పలేదు. తుపాకి మీద ఇదెయాల్ అని ఉంది.
– చీమకుర్తి నుంచి

జ: తమ్ముడూ, అది భుజానికి తగిలించుకునే పట్టీ. ఫ్రెంచివాళ్లు కర్రను లోపల తొలిచి, స్ప్రింగు పెట్టి, పట్టీని దానికి చుట్టి దాచారు. ఇదెయాల్ కూడా మాన్యుఫ్రాన్స్ వాళ్లదే, రోబ్యూస్త్ కంటే మేలురకం. పొదల్లో నడిచేటప్పుడు వేలాడే పట్టీ కొమ్మలకి తగులుకుంటుంది, అందుకని కావాలంటే లాగాలి, వద్దంటే దానంతటదే లోపలికి పోవాలి. పట్టీ కొసన ఉన్న చిన్న కొక్కెం గొట్టాల కింద ఉన్న రింగుకి తగిలించాలి, వెతికితే దొరుకుతుంది.

ఇన్నేళ్ల తోలు ఎండిపోయి ఉంటుంది, ఒక్కసారి గట్టిగా లాగితే లోపల తెగిపోతుంది, తెగితే కర్ర విప్పాల్సిందే. ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకో. బయటికొచ్చిన రెండంగుళాలకి తోలుకి రాసే మైనం కొద్దిగా వేలితో రుద్ది, ఒక రోజు ఆగి, ఇంకో రెండంగుళాలు లాగి మళ్లీ రుద్దు. వారం పది రోజులు పడుతుంది. పూర్తిగా వచ్చిన రోజున పట్టీ లోపలి వైపు చూడు, మీ నాయన భుజం రాపిడికి నల్లబడి నున్నగా అయిన చోటు తెలుస్తుంది. అది మాత్రం తుడవొద్దు.